ప్రశ్న దాటని గట్టు



కడుపునొప్పని వెళ్తే డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏం తిన్నాక మొదలైంది నొప్పి?" ఇంతకంటే మామూలు తెలుగు వాక్యం ఉండదు. అడిగినవాళ్లకీ విన్నవాళ్లకీ అందులో వింతేమీ కనిపించదు. ఇదే ప్రశ్నని ఇదే పొందికలో ఇంగ్లీషులో అడగబోతే మాత్రం పొసగదు. ప్రశ్నపదాన్ని వాక్యం మొదటికి తేవటం ఆ భాష అలవాటు. ఆ లెక్కన "వాట్ డిడ్ ద పెయిన్ స్టార్ట్ ఆఫ్టర్ యూ ఏట్?" అనాలి. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లెవరూ అలా అనరు. వింటే మొహం చిట్లిస్తారు. ఎందుకు తప్పంటే మాత్రం చప్పున చెప్పలేరు. "నొప్పి మొదలవకముందు ఏం తిన్నారు?" అని వాక్యాన్ని తిరగేసి అడుగుతారు.

మన బళ్లలో తరాల తరబడి చదువుకున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం నిండా సూత్రాలే. ఎక్కడ ఏ విభక్తి, ఎక్కడ ఏ కాలం, అన్నీ ఉంటాయి. ఈ వాక్యం తప్పని చెప్పే సూత్రం మాత్రం ఉండదు. ఎవరూ చెయ్యని తప్పుకి సూత్రం రాసే పనేముంది? ఇవాళ నేను మాట్లాడబోయేది సరిగ్గా అలాంటి తప్పుల గురించే. గడచిన అరవై ఏళ్లుగా వాక్యనిర్మాణం మీద పనిచేసే భాషాశాస్త్రజ్ఞులని అన్నిటికంటే ఎక్కువ వేధించినవి ఇవే.

ముందుగా, పదం కదలటమంటే ఏమిటో చూద్దాం. "రవి చీర కొన్నాడు" అనే వాక్యంలో చీర ఉన్నచోట "ఏం" పెడితే తెలుగులో ప్రశ్న తయారు: "రవి ఏం కొన్నాడు?" ప్రశ్నపదం కూర్చున్న చోటు నుంచి లేవక్కర్లేదు. ఇంగ్లీషులో అది లేచి ముందుకొస్తుంది: "వాట్ డిడ్ రవి బై?" కొనటం అనే క్రియ తర్వాత కర్మ ఉండవలసిన చోటు ఖాళీగా మిగులుతుంది. విన్నవాడు ఆ ఖాళీని, మొదట్లో విన్న ప్రశ్నపదాన్ని కలుపుకుని అర్థం చేసుకుంటాడు. నోమ్ చామ్‌స్కీ 1957లో "సింటాక్టిక్ స్ట్రక్చర్స్" అనే చిన్న పుస్తకం వేసినప్పుడు ఇలాంటి సంబంధాలని పట్టుకోవటానికే పరివర్తన సూత్రాలు ప్రతిపాదించారు. ఒక నిర్మాణాన్ని తీసుకుని, అందులో ఒక ముక్కని ఇంకో చోటికి జరిపి, ఇంకో నిర్మాణంగా మార్చే సూత్రాలవి. ఆ పద్ధతిలో తెలుగు వాక్యాలని విడదీసి చూపించిన పుస్తకం మనకీ ఉంది. చేకూరి రామారావుగారి "తెలుగు వాక్యం" 1975లో వచ్చింది. రెండు చిన్న వాక్యాలు కలిసి ఒక సంశ్లిష్ట వాక్యం ఎలా అవుతుందో తెలుగులోనే, తెలుగు ఉదాహరణలతోనే చెప్పిన పుస్తకం అది.

కదలికలో మొదట ఆశ్చర్యపరిచేది దూరం. "రవి ఏం కొన్నాడని సీత అనుకుంటోందని గోపాలం చెప్పాడు?" అనే మన ప్రశ్నని ఇంగ్లీషులో పెడితే, ప్రశ్నపదం అన్నిటికంటే లోపల ఉన్న వాక్యంలో పుట్టి, సీత వాక్యం దాటి, గోపాలం వాక్యం కూడా దాటి మొట్టమొదటికి వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ఇంకో నలుగురు చెప్పారనీ, విన్నారనీ, అనుకున్నారనీ చేర్చండి, అయినా వస్తుంది. ఊపిరి చాలకపోవచ్చుగాని వ్యాకరణం అడ్డుచెప్పదు. ఇంత దూరం రాగలిగిన పదం "తిన్నాక" అనే ఒక్క చిన్న ముక్క లోపలి నుంచి ఎందుకు బయటికి రాలేదు?

చామ్‌స్కీకి ఈ చిక్కు తెలుసు. 1960లలోనే దానికొక సూత్రం చెప్పారు. ఒక నామపదబంధం లోపల ఇంకో నామపదబంధం ఉంటే, పైదాన్నే కదపాలి తప్ప లోపలిదాన్ని లాగకూడదని దాని సారాంశం. చూడటానికి బాగుంది. అయితే అది నిషేధించిన వాక్యాల్లో కొన్ని జనం నోట హాయిగా వినిపిస్తాయి, అది వదిలేసిన వాక్యాల్లో కొన్ని ఎవరి నోటా వినిపించవు. దీన్ని పట్టుకున్నది ఆయన దగ్గరే పరిశోధన చేస్తున్న జాన్ రాబర్ట్ రాస్. మిత్రులందరూ హాజ్ అని పిలిచే ఈయన 1967లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి తన సిద్ధాంతగ్రంథం సమర్పించారు. దాని పేరుని తెలుగులో చెప్పుకోవాలంటే "వాక్యనిర్మాణంలో చరరాశుల మీద నియంత్రణలు" అవుతుంది. ఆ గ్రంథం దాదాపు ఇరవై ఏళ్లపాటు టైపు ప్రతులుగానే చేతులు మారి, 1986లో "ఇన్ఫినిట్ సింటాక్స్!" అనే పేరుతో, ఆశ్చర్యార్థకంతో సహా, అచ్చయింది. అచ్చవటానికి ముందే ఆ రంగంలో పనిచేసేవాళ్లందరూ దాన్ని చదివేశారు.

పదాలు బయటికి రాలేని చోట్లకి రాస్ పెట్టిన పేరు ద్వీపాలు. గోదావరి లంకలు అనుకోండి, పడవ లేనివి. లోపల ఉన్నవాళ్లు లోపల ఎంతైనా తిరగవచ్చు, గట్టు దాటలేరు. ఆయన గుర్తించిన ద్వీపాల్లో మొదటిది నామానికి విశేషణంగా నిలిచే ఉపవాక్యం. "చీర కొన్న ఆవిణ్ని సీత కలిసింది" అనే భావంలో ఆవిడ ఏం కొన్నదో తెలుసుకోవాలని ఉందనుకోండి. ఇంగ్లీషులో "వాట్ డిడ్ సీత మీట్ ద ఉమన్ హూ బాట్?" అనటానికి వీల్లేదు. జంటగా ఉన్న పదాలది ఇంకో ద్వీపం. ఇడ్లీ, వడ తిన్నవాణ్ని పట్టుకుని "వాట్ డిడ్ యూ ఈట్ ఇడ్లీ అండ్?" అని ఎవరూ అడగరు. షష్ఠీవిభక్తి పదాన్ని దాని నామం నుంచి విడదీయటం కూడా కుదరదు. "హూజ్ బుక్" అని రెంటినీ కలిపి జరపాలి, "హూజ్" ఒక్కదాన్నే ముందుకు లాగితే చెల్లదు. ఒకటి కదిలితే దాని వెంట మిగతాది కూడా నడిచిరావటానికి ఆయన వాడిన పేరు వేణువూదేవాడి కథలోంచి వచ్చింది. హామెలిన్ పట్నంలో వేణువూదేవాడి వెంట ఎలుకలన్నీ వెళ్లిపోయిన కథ తెలుసు కదా, అందులోది. ఆ పేరు సూచించింది రాబిన్ లేకాఫ్. రాస్‌కి పేర్లు పెట్టటంలో మంచి చెయ్యుంది. ఆయన పెట్టిన పేర్లు డజనుకి తక్కువ కాకుండా ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, కొద్ది కాలానికే రాస్‌కీ చామ్‌స్కీకీ సిద్ధాంతపరంగా పడలేదు. అర్థానికీ వాక్యనిర్మాణానికీ ఉండే సంబంధం గురించి రెండు వర్గాలై తీవ్రంగానే తగవు పడ్డారు. తగవు ఎటు తేలినా ద్వీపాలు మాత్రం రెండు వర్గాల ఇంట్లోనూ ఉండిపోయాయి. ఆ తర్వాత చామ్‌స్కీ కట్టిన సిద్ధాంతాలకి పునాదిరాళ్లలో ఒకటి ఈ విడిపోయిన శిష్యుడు పట్టుకున్న విషయమే.

ఇవి అంత ముఖ్యం ఎందుకయ్యాయి? పిల్లల వల్ల. పిల్లలు భాష నేర్చుకుంటూ బోలెడు తప్పులు చేస్తారు. లింగం తారుమారు చేస్తారు, లేని క్రియారూపాలు తయారుచేస్తారు. మనం నవ్వుతాం, ఒక్కోసారి దిద్దుతాం. ద్వీపాలు దాటే తప్పు మాత్రం వాళ్లు చెయ్యరు. చెయ్యరు కాబట్టి దిద్దేవాళ్లూ ఉండరు. మరి ఎవరూ దిద్దకుండా, ఏ పుస్తకంలోనూ లేకుండా, ఫలానా వాక్యం కుదరదని పిల్లవాడికి ఎలా తెలిసింది?

దీన్ని పరీక్షించటానికి జిల్ డి విలియర్స్, టామస్ రోపర్, మరికొందరు కలిసి 1990 ప్రాంతంలో చేసిన పని నాకు చాలా ఇష్టం. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకి బొమ్మలు చూపిస్తూ కథ చెప్పారు. చెట్లెక్కటం సరదాగా ఉండే ఒక పిల్లవాడు మధ్యాహ్నం చెట్టు మీంచి జారిపడ్డాడు. లేచి ఇంటికెళ్లిపోయాడు. రాత్రి స్నానం చేస్తుంటే ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించింది. మధ్యాహ్నం పడ్డప్పుడు తగిలుంటుందని అప్పుడు నాన్నతో అన్నాడు. అంతే కథ. తర్వాత ప్రశ్న: "వెన్ డిడ్ ద బాయ్ సే హి హర్ట్ హిమ్‌సెల్ఫ్?" దీనికి ఇంగ్లీషులో రెండు జవాబులున్నాయి. చెప్పింది ఎప్పుడు అనుకుంటే రాత్రి, దెబ్బ తగిలింది ఎప్పుడు అనుకుంటే మధ్యాహ్నం. పిల్లలు రెండు రకాలుగానూ జవాబిచ్చారు. ఆ ప్రశ్న మధ్యలో "హౌ" అనే ఒక్క మాట చేర్చి, "వెన్ డిడ్ ద బాయ్ సే హౌ హి హర్ట్ హిమ్‌సెల్ఫ్?" అని అడిగితే పిల్లలు "రాత్రి" అనే వైపే మొగ్గారు. లోపలి వాక్యం ఇంకో ప్రశ్నపదంతో మొదలైతే అది ద్వీపం అవుతుంది, "వెన్" అందులోంచి వచ్చినట్టు చెప్పుకోవటానికి వీల్లేదు. పాలపళ్లు ఊడని పిల్లలకి ఈ సంగతి ఎవరు నేర్పి ఉంటారు?

సరే, తెలుగు సంగతేమిటి? తెలుగులో పదాలు ఎటు పెట్టినా చెల్లుతుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. "నిన్న రవి చీర కొన్నాడు", "చీర రవి నిన్న కొన్నాడు", "కొన్నాడు రవి నిన్న చీర", అన్నీ వాక్యాలే. అయితే ఒక చిన్న పరీక్ష. రేడియో ముందున్నారు కాబట్టి పైకి అని చూడండి.

"సీత హైదరాబాదులో కొన్న చీర నాకు నచ్చింది." కొనటం ఎక్కడ జరిగింది? హైదరాబాదులో. ఇప్పుడు "హైదరాబాదులో" అనే మాటని ముందుకి జరుపుదాం. "హైదరాబాదులో సీత కొన్న చీర నాకు నచ్చింది." పర్వాలేదు, కొన్నది ఇప్పటికీ హైదరాబాదులోనే. ఇంకొక్క అడుగు వెయ్యండి. "హైదరాబాదులో నాకు సీత కొన్న చీర నచ్చింది." ఏమైంది? సీత ఎక్కడ కొన్నదో ఇప్పుడు తెలీదు. హైదరాబాదులో జరిగింది నచ్చటం. పోనీ చివరికి తీసుకుపోండి. "సీత కొన్న చీర నాకు నచ్చింది, హైదరాబాదులో." అప్పుడూ నచ్చటమే. "నాకు" అనేది పెద్ద వాక్యానికి చెందిన మాట. దాన్ని దాటగానే "హైదరాబాదులో" అనే మాటకి "కొన్న" అనే మాటతో సంబంధం తెగిపోయింది. బడిలో ధాతుజ విశేషణమని చెప్పుకున్న ఈ "కొన్న", "తిన్న", "రాసిన" రూపాలు తమ పరివారాన్ని తమ గట్టు లోపలే ఉంచుకుంటాయి. లోపల ఎటైనా తిరగనిస్తాయి, బయటికి పంపవు.

ప్రతి ఉపవాక్యమూ ఇలాంటిది కాదు. "ఆ చీర సీతే కొందని రవి చెప్పాడు" అనే వాక్యాన్ని "ఆ చీర మాత్రం రవి సీతే కొందని చెప్పాడు" అని తిప్పవచ్చు. చీర రవిని దాటి ముందుకొచ్చింది, అయినా కొన్నది సీతేనని తెలుస్తూనే ఉంది. అదే "ఆ చీర కొన్న అమ్మాయిని రవి చూశాడు" అనేదాన్ని "ఆ చీర రవి కొన్న అమ్మాయిని చూశాడు" అని తిప్పండి. చీర కొన్నది రవా, అమ్మాయా, లేక రవి అమ్మాయినే కొన్నాడా అని పోలీసులు రావలసివస్తుంది.

షష్ఠి దగ్గర కూడా అంతే. "ఎవరి పుస్తకం చదివావు?" బాగుంది. "ఎవరి చదివావు పుస్తకం?" బాగాలేదు. "ఎవరిది చదివావు, పుస్తకం?" అంటే మళ్లీ బాగుంది, ఎందుకంటే "ఎవరిది" తన కాళ్ల మీద తాను నిలబడే నామం. దానికి వెనక ఆసరా అక్కర్లేదు. రష్యన్‌లో "ఎవరి" అనే మాటనే విడిగా ముందుకు తేవచ్చు. ఇంత స్వేచ్ఛ ఉందనుకునే తెలుగు ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు పక్షం.

మన పూర్వులు దీన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నారు. పద్యం చెప్పే అయ్యవారు ముందు అన్వయం చెబుతారు. చెదిరిన పదాల్లో ఏది దేనితో కలుస్తుందో వరస పెడతారు. మరీ దూరంగా పడితే దూరాన్వయం అని ఆలంకారికులు దోషంగా లెక్కపెట్టారు. ఎంత దూరమైతే దోషం అనేదానికి కొలత రుచే తప్ప సూత్రం కాదు. సూత్రం లాంటిది కావాలంటే సమాసాల దగ్గరికి వెళ్లాలి. పతంజలి మహాభాష్యంలో, పాణిని సమర్థసూత్రం మీద జరిగిన చర్చలో, రాజపురుషుడు అనే సమాసానికి ధనవంతుడనే విశేషణం తగిలిస్తే అది రాజుకి వర్తించదని చెబుతాడు. తెలుగులో చూసుకోండి. "ముసలి రాజకుమారుడు" అంటే ముసలివాడు కుమారుడే. రాజు ముసలివాడని చెప్పాలంటే సమాసాన్ని విడదీసి "ముసలి రాజుగారి కుమారుడు" అనాలి. బయటి విశేషణం సమాసం లోపలికి వెళ్లి పూర్వపదాన్ని తాకలేదు. దేవదత్తుడి గురుకులం అన్నప్పుడు మాత్రం దేవదత్తుడికి గురువుతోనే సంబంధం కుదురుతోందే అని పతంజలే మళ్లీ అడ్డు ప్రశ్న వేసుకుంటాడు. రాస్ పుట్టటానికి రెండు వేల ఏళ్ల ముందు, గట్టూ దాని గండీ రెండూ ఒకేచోట చర్చకు వచ్చాయి.

ఇక అసలు చిక్కుకి వద్దాం. ఇంగ్లీషువాళ్లు అడగలేని ప్రశ్నలు మనం ఇంత సులువుగా ఎలా అడుగుతున్నాం? "ఏం తిన్నాక మొదలైంది?" "ఎవరు రాసిన పుస్తకం చదువుతున్నావు?" "ఏ రంగు చీర కట్టుకున్న ఆవిడ పిలిచింది?" మూడింట్లోనూ ప్రశ్నపదం ద్వీపం లోపలే ఉంది. ఒక జవాబు వెంటనే తోస్తుంది. ద్వీపాలు ఆపేది కదలికని. తెలుగు ప్రశ్నపదం కదలదు. కదలనిదాన్ని ఆపేదేముంది? ఇంగ్లీషులో కూడా ఎదుటివాడి మాట నమ్మలేక "యూ ఏట్ వాట్?" అని ప్రశ్నపదాన్ని ఉన్నచోటే ఉంచి అడిగేటప్పుడు ద్వీపాల బాధ ఉండదు.

చక్కగా ఉంది, ముగించుకుని లేవవచ్చు అనిపిస్తుంది. అయితే "ఎందుకు" అనే మాట ఒప్పుకోదు. ఈ మూడు వాక్యాలూ వినండి.

"ఏ బొమ్మ కోసం ఏడ్చిన పిల్లవాడికి మిఠాయి ఇచ్చావు?" బాగుంది. జవాబు, రైలుబొమ్మ కోసం ఏడ్చినవాడికి.

"పిల్లవాడు ఎందుకు ఏడ్చాడని అనుకుంటున్నావు?" ఇదీ బాగుంది. ఏడుపుకి కారణం అడుగుతున్నాం.

"ఎందుకు ఏడ్చిన పిల్లవాడికి మిఠాయి ఇచ్చావు?" ఇప్పుడు ఏమైంది? ఏడుపుకి కారణం అడుగుతున్నట్టు నా చెవికి వినిపించదు. మిఠాయి ఎందుకిచ్చావని అడుగుతున్నట్టే ఉంది. పదాలు పక్కపక్కనే ఉన్నాయి. "ఎందుకు" వెంటనే "ఏడ్చిన" వచ్చింది. అయినా ఆ రెండూ కలవకుండా, "ఎందుకు" గట్టు మీంచి దూకి "ఇచ్చావు" దగ్గర వాలింది. సన్నిధి ఉంటే చాలు, సంబంధం కుదురుతుందనుకోవటం కూడా ఇక్కడ పనిచెయ్యలేదు.

సి.టి. జేమ్స్ హువాంగ్ 1982లో మసాచుసెట్స్‌లోనే సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో చైనా భాష గురించి సరిగ్గా ఈ సంగతే రాశారు. చైనా భాషలో కూడా ప్రశ్నపదాలు ఉన్నచోటే ఉంటాయి. "ఎవరు", "ఏమిటి" ద్వీపాల లోపల హాయిగా ఉంటాయి, "ఎందుకు" ఉండదు. ఆయన వాదన ఇది: ఈ భాషల్లో కూడా ప్రశ్నపదం కదులుతుంది, అయితే చెవికి వినిపించకుండా, అర్థం తయారయ్యే చోట. కర్తగానో కర్మగానో క్రియకి కట్టుబడి ఉన్న పదాలకి ఆ కదలికలో వెసులుబాటు ఉంది. కారణం చెప్పే మాట క్రియకి అలా కట్టుబడి ఉండదు కాబట్టి దానికి ఆ వెసులుబాటు లేదు. నాకు ఈ వాదన తెలుగు వైపు నుంచి ఇంకా బలంగా కనిపిస్తుంది. ఎందుకంటే మన "ఎందుకు" రెండు పనులు చేస్తుంది. "ఇది ఎందుకు పనికొచ్చే సామాను?" అన్నప్పుడు అది పనికిరావటం అనే క్రియకి కావలసిన మాట, అది లేకపోతే ఆ క్రియకి తృప్తి లేదు. అక్కడ విశేషణం లోపల నిక్షేపంలా కూర్చుంది. కారణం అడిగేటప్పుడు అదే మాట, అవే అక్షరాలు, లోపల నిలవలేకపోయాయి. కాబట్టి తేడా మాటలో లేదు, దానికీ క్రియకీ ఉన్న బంధంలో ఉంది.

మరి "ఎవరు" సంగతి? అది నిజంగా గట్టు దాటుతోందా? జపాన్ భాష మీద పనిచేసిన నిషిగౌచి ఇంకో మాటన్నారు. దాటేది "ఎవరు" కాదు, అది తన ద్వీపం మొత్తాన్ని వెంటబెట్టుకుని కదులుతుంది, హామెలిన్ ఎలుకల్లాగే. దానికి ఆయన సాక్ష్యం జవాబులు. మన జవాబులు చూడండి. "ఎవరు రాసిన పుస్తకం చదువుతున్నావు?" అంటే "చలం" అని ఊరుకోవటం కంటే "చలంది" అంటాం, లేదా "చలం రాసింది" అంటాం. ఆ చివరి "ది" పుస్తకానికి చెందింది. ప్రశ్న మనిషి గురించే అయినా జవాబు పుస్తకాన్ని మోసుకొచ్చింది. డాక్టరుకి కూడా "పకోడీలు" అనే కంటే "పకోడీలు తిన్నాక" అనే వాళ్లే ఎక్కువ. దీన్ని తిరుగులేని రుజువనలేం, "చలం" అన్నా ఎవరూ తప్పుపట్టరు. అయినా మొగ్గు ఎటుందో తెలుస్తోంది.

చామ్‌స్కీ 1973లో ఈ ద్వీపాల్లో కొన్నిటికి ఒకటే కారణం చెప్పే ప్రయత్నం చేశారు. పదం ఎంత దూరం వెళ్లినా ఒక్క గెంతులో వెళ్లదు, ఉపవాక్యం ఉపవాక్యం దగ్గరా ఆగి వెళ్తుంది. ఒక్క గెంతులో రెండు హద్దులు దాటకూడదు. ఆగే చోటు ఖాళీగా ఉంటే ప్రయాణం సాగుతుంది, ఇంకో ప్రశ్నపదం ముందే అక్కడ కూర్చుని ఉంటే ఆగిపోతుంది. చెట్టు మీంచి పడ్డ పిల్లవాడి కథలో "హౌ" చేసింది అదే. ఆగి వెళ్తుందనటానికి సాక్ష్యం ఐర్లండ్‌లో దొరికింది. ఐరిష్ భాషలో ప్రతి ఉపవాక్యం మొదట ఉండే చిన్న అవ్యయం, ఆ దారిలో ఏదైనా పదం ముందుకు వెళ్లి ఉంటే తన రూపం మార్చుకుంటుంది. ఎన్ని ఉపవాక్యాలు దాటితే అన్నిచోట్లా మారుతుందని జేమ్స్ మెక్లాస్కీ చూపించారు. ఇంగ్లీషు పిల్లల్లో కొందరు ప్రశ్నపదాన్ని మొదట్లో ఒకసారి, మధ్యలో ఉపవాక్యం మొదట్లో మళ్లీ ఒకసారి అంటారు. పెద్దవాళ్లెవరూ అలా అనరు. మజిలీలో మూట దించినట్టు వాళ్లకి అది వినిపిస్తుంది కాబోలు. ఇటాలియన్‌లో ఈ హద్దులు కొంచెం వేరేచోట ఉన్నాయని లుయీజీ రిజ్జీ చెప్పారు. అక్కడి నుంచి ఏ భాషకి ఏ హద్దు అనే లెక్కలు మొదలయ్యాయి. ఆ లెక్కల్లోకి నేను దిగను, అవి పదేళ్లకోసారి మారుతూ వచ్చాయి.

అన్నిటికంటే మొండి తగవు ఇంకొకటుంది. ఇదంతా వ్యాకరణమేనా, లేక జ్ఞాపకశక్తి చాలక వచ్చిన ఇబ్బందా? ప్రశ్నపదాన్ని మనసులో పట్టుకుని, దాని ఖాళీ కోసం వెతుకుతూ, మధ్యలో బరువైన ఉపవాక్యం ఎదురైతే బుర్ర అలిసిపోతుందని, ఆ అలసటనే మనం తప్పు వాక్యమనుకుంటున్నామని ఒక వర్గం. వాళ్ల చేతిలో స్వీడిష్ భాష ఉంది. స్వీడిష్‌లో "ఆ పూలు" అని మొదలుపెట్టి, "అమ్మే మనిషి ఒకడు నాకు తెలుసు" అనే అర్థం వచ్చేట్టు హాయిగా అంటారు. పూలు ద్వీపం దాటి వచ్చేశాయి. తెలుగులో ప్రయత్నించండి: "ఆ పూలు నాకు అమ్మేవాడొకడు తెలుసు." పూలు దాటటం మాట అటుంచి, "నాకు" కూడా లోపలికి కొట్టుకుపోయింది. వాడు పూలు నాకే అమ్ముతున్నట్టుంది.

జాన్ స్ప్రౌజ్, మాట్ వేజర్స్, కాలిన్ ఫిలిప్స్ కలిసి 2012లో ఈ తగవుని పరీక్షకి పెట్టారు. 300 మందికి పైగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల జ్ఞాపకశక్తి కొలిచి, వాళ్లచేతే ద్వీపవాక్యాలకి మార్కులు వేయించారు. జ్ఞాపకం చాలకపోవటమే కారణమైతే, జ్ఞాపకం ఎక్కువున్నవాళ్లకి ఆ వాక్యాలు కొంతైనా మెరుగ్గా వినిపించాలి. అలా జరగలేదు. అవతలి వర్గం ఆ ఫలితాలు అచ్చయిన పత్రికలోనే వెంటనే జవాబు రాసింది, మీరు కొలిచిన జ్ఞాపకం వేరు, వాక్యం వినేటప్పుడు పనిచేసే జ్ఞాపకం వేరు అని. వాళ్ల మాటలోనూ పసలేకపోలేదు. అయినా నేను వ్యాకరణం పక్షమే. బరువే కారణమైతే "ఏ బొమ్మ కోసం ఏడ్చిన" కంటే "ఎందుకు ఏడ్చిన" తేలికగా ఉండాలి. రెండే పదాలు, మధ్యలో ఏమీ లేదు, వెతకవలసిన ఖాళీ కూడా లేదు. అలిసిపోవటానికి బుర్ర చేసిన పనేముంది?

ఈ వాక్యాలు ఇంట్లోవాళ్లతో అని చూడండి. శ్రీకాకుళం చెవికీ, కరీంనగర్ చెవికీ, చిన్నప్పటి నుంచి అమెరికాలో తెలుగు వింటున్న మనవరాలి చెవికీ ఒకేలా వినిపిస్తాయో లేదో. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. "ఈ వాక్యం తప్పా, ఒప్పా?" అని అడగకండి. అలా అడిగితే ప్రతివాళ్లూ బడిపంతులైపోతారు. "ఎందుకు ఏడ్చిన పిల్లవాడికి మిఠాయి ఇచ్చావు?" అని మామూలుగా అడిగి, వాళ్లు జవాబులో చెప్పేది ఏడుపుకి కారణమో, మిఠాయికి కారణమో గమనించండి.